నలభై ఒకటో గాజులామె

నేను ఒక బొమ్మను. కథ చెప్పుకునే వస్తువులన్నీ ఇలాగే మొదలుపెడతాయి కాబట్టి, మర్యాదకు నేనూ మొదలుపెట్టాను. కానీ మొన్నటిదాకా ఆ మాట అనబోతే నా గొంతుకు ఏదో అడ్డం పడేది. మొదటి సంగతి, నేను ఒక్కదాన్ని కాను. ఇదే ముఖంతో, ఇదే ఆకుపచ్చ చీరతో, ఇదే వంకర చిటికెనవేలితో అరవై మందిమి ఉన్నాం. రెండో సంగతి, నేను బొమ్మనేనా అన్నది. అది చివరికి మీరే తేల్చుకుందురు గాని.

నా పాదాల కింద నలభై ఒకటి బై అరవై అని చెక్కి ఉంటుంది. జానెడు ఎత్తు. ఒళ్ళు అంకుడు కర్ర, రంగు లక్క. భుజం మీద మలారం ఉంటుంది. గాజులమ్మేవాళ్ళు గాజులన్నీ గుచ్చి, వీధివీధికీ మోసుకు తిరిగే తాడును మలారం అంటారు. నా మలారానికి కందిగింజంత గాజులు నలభై ఎనిమిది. రంగు పూసిన తీగలు కావు, నిజం గాజువే. నన్ను కదిపితే అవి మోగుతాయి.

నేను పుట్టకముందే అమ్ముడుపోయాను. ఇది నా గొప్ప కాదు, ఈ కాలపు పద్ధతి. అనకాపల్లి దగ్గర ఒక చిన్న బొమ్మల షెడ్డు ఉంది. దాని యజమాని శశిభూషణ్, చదువుకున్నవాడు, తెలివైనవాడు. ఇప్పుడు కనిపించని సంత మనుషులను పన్నెండు బొమ్మలుగా చేయాలని పూనుకున్నాడు. నెలకొకటి, ఒక్కో రకం అరవై మాత్రమే. మొదట ఒక నమూనా చేసి, దాని ఫొటో నెట్‌లో పెడతాడు. చెప్పిన రోజున పదకొండు గంటలకు ప్రీ ఆర్డర్ తెరుచుకుంటుంది. ముందుగా నొక్కిన అరవై మందికి బొమ్మ ఖాయం. ఆ తరవాతే కర్ర కోస్తారు. అంటే ఇంకా చెట్టుకే ఉన్న బొమ్మ కోసం వేలమంది వేళ్ళు చాచి కూర్చుంటారన్నమాట.

నేను పదకొండో రకాన్ని, గాజులామెను. నా అరవై ఒక్క నిమిషంలో అయిపోయాయట.

అయిపోయాయి. ఆ పేజీ మీద ఎర్ర అక్షరాలతో అదే మాట రాసి ఉందని, నన్ను చెక్కుతున్న రోజుల్లో శశిభూషణ్ షెడ్డులో చదివి వినిపించాడు. అప్పటికి నాకు కళ్ళు లేవు. చెవులు ముందే చెక్కుతారు, కళ్ళు అన్నిటికంటే చివర. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది. గాజులను, పసుపుకుంకుమలను, బియ్యాన్ని అయిపోయాయని ఎవరైనా అంటారా? నిండుకున్నాయి అనాలి. కర్రముక్కనైన నాకు ఆ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలియలేదు. కాస్త భయం కూడా వేసింది.

రోజూ పొద్దున్న శశిభూషణ్ ఉత్తరాలు పైకి చదివేవాడు, దాలమ్మ మాకు రంగులు అద్దుతూ వినేది. బొమ్మ దక్కనివాళ్ళ ఏడుపు వినాలి మీరు. ఒకాయన నాలుగు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడట. ఇంకొకాయన పెళ్ళిచూపులకు కూడా ఇంత తయారుగా వెళ్ళలేదట. మనుషులు కొనడం లేదు, యంత్రాలు కొనేస్తున్నాయి అని ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. కూతురి పుట్టినరోజని, ఆస్పత్రిలో ఉన్నామని, ఆఖరి కోరికని రాసేవాళ్ళకు లెక్కే లేదు. మొదట్లో శశిభూషణ్ కరిగిపోయేవాడట. నాలుగు అబద్ధాలు బయటపడ్డాక గుండె రాయి చేసుకున్నాడు.

దాలమ్మ సంగతి చెప్పాలి. అరవై ఐదేళ్ళది, ఆ షెడ్డులో బొమ్మలకు కళ్ళు పెట్టేది ఆవిడే. నల్లగుడ్డు అందరూ దిద్దగలరు. దాని మీద సూదిమొన అంత తెల్లచుక్క పెడితేనే బొమ్మ చూస్తుంది. ఆ చుక్క పెట్టే ముందు బొమ్మ చెవిలో పేరు చెప్పడం ఆవిడ అలవాటు. మిగతా పది రకాలకూ ఆవిడ ఎరిగిన మనుషుల పేర్లే పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆపేసింది.

“ఈవిడ పేరేటి బాబూ?”

“ఎవరికి తెలుసు పెద్దమ్మా? విజయనగరంలో ఫొటో స్టూడియో మూసేస్తుంటే పాత ఫొటోల కట్ట కొన్నాను. అందులో ఉంది. వెనకాల ఏమీ రాసి లేదు.”

“పేరు తెలీని మనిషికి కళ్ళెలా తెరుస్తాను? పిలిస్తే కదా చూస్తాది.”

ఊరికే ఓ పేరు పెట్టెయ్యమన్నాడు. ఆవిడ వినలేదు. అవి ఉత్తుత్తి బొమ్మలు, ఇది ఒక మనిషి ముఖం అంది. చివరికి నల్లగుడ్డు దిద్ది, చుక్క లేకుండా వదిలేసింది. చూపులో ఏదో విషాదం ఉంది, ఇదీ బాగానే ఉంది అని శశిభూషణ్ సరిపెట్టుకున్నాడు. అలా నలభై బొమ్మలు గుడ్డిగా తయారయ్యాయి.

నా వంతు వచ్చిన పొద్దున్న, నేను దాలమ్మ ఒళ్ళో ఉండగా, శశిభూషణ్ ఒక ఉత్తరం చూసి నవ్వాడు.

“ఇది అన్నిటికంటే గొప్పది పెద్దమ్మా. విను. ‘అయ్యా, నేను విజయనగరం బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో పని చేస్తాను. మీరు పెట్టిన బొమ్మ మా అమ్మ. ఎడమచేతి చిటికెనవేలు వంకర, అది నా చిన్నప్పుడు తలుపులో పడి నలిగింది. మా దగ్గర ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. రెండు ఫోన్లతో నొక్కినా బుట్ట ఖాళీ అని వచ్చింది. ఒక్కటి ఇప్పించండి.’ సంతకం, అప్పలసూరి.”

దాలమ్మ నవ్వలేదు. “వాళ్ళమ్మ పేరు రాసేడా?”

“రాశాడు. అసిరమ్మట.”

దాలమ్మ నన్ను పెదవుల దగ్గరికి తెచ్చుకుని, నా చెవిలో ‘అసిరమ్మా’ అంది. కుంచె ముంచింది. చుక్క పెట్టబోతుండగా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. గాజులు తొడిగేటప్పుడు గాజులమ్మి మన చేతిని పట్టుకుని, కణుపులు మెత్తబడేదాకా పిసుకుతుందే, అలా ఎవరో తన చేతిని పిసుకుతున్నారని ఆవిడ తరవాత అంది. ఆ పట్టులోనే రెండు చుక్కలూ పడ్డాయి. నేను చూశాను.

“దీన్ని ఆ బాబుకంపు,” అంది దాలమ్మ, చెయ్యి రుద్దుకుంటూ.

“నలభై ఒకటి ఎవరిదో ముందే రాసి ఉంది పెద్దమ్మా. ఒకరిది తీసి ఇంకొకరికి ఇస్తే నన్ను బతకనివ్వరు.”

“అయితే ఆ నమూనా అయినా పంపు.”

నమూనా పంపడానికీ వీల్లేదు. అరవై అని మాట ఇచ్చాక అరవై ఒకటోది లోకంలో ఉండకూడదని బొమ్మలు పోగుచేసేవాళ్ళ పట్టు. నమూనాను నాశనం చేసి వీడియో పెడితేనే వాళ్ళకు నమ్మకం. శశిభూషణ్ అదే పొద్దున్న లక్క కాచే పొయ్యిలో నమూనాను నిలబెట్టి, ఫోన్ ఎదురుగా పెట్టాడు. కళ్ళు తెరిచాక నేను మొదట చూసింది నా ముఖం కాలిపోవడమే. చీర కరిగింది, చెంప కరిగింది, చిటికెనవేలు చివరిదాకా నిలిచింది. గాజులు ఒక్కొక్కటిగా టప్పున చిట్లాయి. విజయనగరంలో అప్పలసూరి టైర్ల మధ్య నిలబడి ఆ వీడియో ఫోన్లో చూశాడు. తల్లి చనిపోయినప్పుడు దహనం తన చేతులతోనే చేశాడు. రెండోసారి చూడాల్సి వస్తుందని అనుకోలేదు.

మిగిలిన పంతొమ్మిదింటికీ చుక్క పెట్టమని శశిభూషణ్ అడిగాడు. ఒక మనిషికి ఒక జత కళ్ళే అని దాలమ్మ కుంచె కడిగేసుకుంది.

నన్ను అట్టపెట్టెలో పెట్టి, ముందువైపు పారదర్శకంగా ఉన్న కిటికీలోంచి కనిపించేలా బిగించి, మూతకు బంగారు రంగు సీలు వేశారు. మూడు రోజుల తరవాత నేను హైదరాబాదులో ఒక అద్దాల బీరువాలో తేలాను.

నా మొదటి యజమానురాలు ప్రత్యూష, పళ్ళ డాక్టరు. ఆమె బీరువాలో నూట ముప్పై బొమ్మలు ఉన్నాయి. ఏ ఒక్కటీ పెట్టె దాటి ఎరగదు. సీలు తెగని బొమ్మకే విలువట. ముట్టుకోవడానికి కాదు, ఆడుకోవడానికి కాదు, ఉన్నామని తెలుసుకోవడానికి మమ్మల్ని కొంటారు. తినడానికి కాక బీరువాలో దాచడానికి లడ్డూలు కొన్నట్టుంటుంది నాకు. అయినా ఆమెను తప్పుపట్టను. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించే శాంతి మరెప్పుడూ కనిపించేది కాదు. నాకు నచ్చనిది ఒక్కటే, ఆమె చేతులు బోసిగా ఉండేవి. ఎడమచేతికి గడియారం, కుడిచేతికి ఏమీ లేదు. ఆ కుడిచెయ్యి చూసినప్పుడల్లా నా చేతులకు దురద పుట్టేది. కర్రచేతులకు దురదేమిటని నన్ను అడగకండి.

నా కళ్ళలో చుక్కలున్నాయని ఆమె మొదటి రోజే పట్టేసింది. ఫొటో తీసి, బొమ్మలు పోగుచేసేవాళ్ళ ఫోన్ గుంపులో పెట్టింది. అరవైలో ఒక్కదానికే చుక్కలు పడ్డాయని తెలిసి జనం వెర్రెత్తిపోయారు. తప్పు పడిన బొమ్మ వాళ్ళకు దేవుడిచ్చిన వరం. నెల రోజులు ఆమె ఫోను మోగుతూనే ఉంది. ఇవ్వను, ఇవ్వను అని ఆమె నవ్వుతూనే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నవ్వు ఆగిపోయింది. కిటికీకి ముక్కు ఆనించి నా గాజులు లెక్కపెట్టింది. నలభై ఏడు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పెట్టె అటూ ఇటూ వంచి చూసింది, అడుగున ఏమీ లేదు. సీలు చెక్కుచెదరలేదు. పై ఆదివారానికి నలభై ఆరు అయ్యాయి. నెల తిరిగేసరికి నలభై.

ఎక్కడికి పోతున్నాయో నాకూ తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఎవరూ చూడనప్పుడు మలారం ఒక్కసారి కదిలేది, భుజం మీద బరువు కాస్త తగ్గేది, నాకు హాయిగా ఉండేది.

ప్రత్యూష స్నేహితురాలికి ఫోన్ చేసింది. “తెరిస్తే విలువ పోతుంది. తెరవకపోతే గాజులు పోతున్నాయి. ఏం చేయమంటావే?” అవతల ఏం చెప్పారో గానీ తెరవలేదు. భయం కంటే సీలు మీద గౌరవమే ఎక్కువని ఆ రోజు నాకు అర్థమైంది.

తరవాత ఆమె కుడిచేతికి మొదలైంది. పనిలో ఉండగా ఎవరో తన చేతిని పట్టుకుని కణుపులు పిసుకుతున్నారని, సాధనం జారిపోతోందని చెప్పుకుని భయపడింది. మణికట్టు చుట్టూ సన్నని ఎర్రగీతలు పడ్డాయి, గాజు ఒరుసుకున్నప్పుడు పడేలాంటివి. ఒకరోజు ఆమె నా కళ్ళలోకి సూటిగా చూసి, చెయ్యి వెనక్కి దాచుకుంది. పాపం అనిపించింది. నేనేం చేయడం లేదని చెబుదామంటే, ఆ సంగతి నాకే ఖాయంగా తెలియదు.

నన్ను వదిలించుకుందామంటే అప్పటికి తీసుకునేవాళ్ళు లేరు. మొన్నటిదాకా వరం అన్నవాళ్ళే, గాజులు లేని గాజులామె ఎందుకన్నారు. మలారానికి ఇరవై మిగిలాయి, తరవాత పది. బదులుగా పన్నెండో బొమ్మ, అంటే బయోస్కోపువాడు, ఎవరిస్తే వాళ్ళకు నన్ను ఇచ్చేస్తానని ఆమె గుంపులో రాసింది. నెలల తరబడి వాయిదా పడుతూ వచ్చిన ఆ బయోస్కోపువాడి ప్రీ ఆర్డర్ ఆ వారమే ఉంది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది అప్పలసూరి తరవాత నాకు చెప్పుకున్నది. అతడు నాతో చాలా మాట్లాడతాడు.

నమూనా కాలిన నెల దాటాక ఒకరోజు అన్నం క్యారేజీ మూత తీస్తే, మూతకు కందిగింజంత గాజు అంటుకుని ఉందట. వారానికి చొక్కా జేబులో ఇంకొకటి. తరవాత గ్రీజు డబ్బాలో, బియ్యం కొలిచే సోలలో, దిండు గలీబులో. ఎవరికీ చెప్పలేదు. అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. తనూ చేరిన ఆ గుంపులో ప్రత్యూష పెట్టిన ఫొటోలు చూసి, అక్కడ తగ్గినన్నీ ఇక్కడ పెరుగుతున్నాయని గ్రహించాక, అగ్గిపెట్టె జేబులోంచి తీయడం మానేశాడు.

బయోస్కోపువాడి రోజున డిపో అంతా అతడి వెనక నిలబడింది. టైర్ల సెక్షను, క్యాంటీను, గేటు దగ్గర కాపలాదారు, డ్యూటీ ఎక్కబోయే కండక్టర్లు, అందరూ ఫోన్లు పట్టుకుని పదకొండు కోసం ఎదురుచూశారు. పార్వతీపురం బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరిందట. అందరి ఫోన్లలోనూ చక్రం తిరిగి తిరిగి, బుట్ట ఖాళీ అని వచ్చింది. ఒక్క కండక్టరమ్మ ఫోన్లో మాత్రం మీ ఆర్డరు అందింది అని వచ్చింది. ఆవిడ ఆ ఫోన్ అప్పలసూరి చేతిలో పెడితే, అతడు అక్కడే టైరు మీద కూర్చుండిపోయాడు.

ఆ బొమ్మ చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. వచ్చిన వారంలోనే పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి హైదరాబాదు వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, పెద్ద పెద్ద చేతులు, గోళ్ళలో నలుపు. గుమ్మంలోనే అడిగాడు.

“అమ్మని సూపించండమ్మా.”

ప్రత్యూష బీరువా తెరిచి నన్ను చేతికిచ్చింది. మలారానికి ఒక్క గాజు మిగిలి ఉంది.

“పెట్టె మాత్రం తెరవకండి. సీలు పోతే ఇక ఎవరూ తీసుకోరు,” అంది అలవాటుగా.

అతడు బొటనవేలి గోటితో సీలు చీల్చేశాడు. ఆమె ముఖం తిప్పుకుంది, ఆపరేషను చూడలేని మనిషిలా. ఏడాది తరవాత నాకు గాలి తగిలింది. అతడు నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని, “అమ్మా,” అన్నాడు.

ప్రత్యూష అడిగింది. “ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ గాజులు ఎక్కడికి పోయాయో మీకేమైనా తెలుసా?”

అతడు జేబులోంచి అగ్గిపెట్టె తీసి, బల్ల మీద ఒంపాడు. ఆమె వేలితో జరుపుతూ లెక్కపెట్టింది. నలభై ఏడు. కుర్చీలో కూర్చుంది. బయోస్కోపువాడి పెట్టె ఎదురుగా ఉన్నా, అతడు వెళ్ళేదాకా దానివైపు చూడలేదు.

విజయనగరంలో అతడి భార్య నూకరత్నం వాకిట్లోనే ఎదురైంది. అప్పుడు పొద్దున్న తొమ్మిది అయి ఉంటుంది, మంచి ఎండ. అప్పలసూరి నన్ను అరుగు మీద నిలబెట్టి, గాజులు మళ్ళీ మలారానికి గుచ్చుదామని సూదీ దారం అడిగాడు. ఆమె కదల్లేదు. నా ముందు చతికిలబడింది. నా కళ్ళలోకి చూసి, అతడితో కాదు, నాతో మాట్లాడింది.

“మా పెళ్ళినాడు నువ్వు మలారం ఏసుకుని నాకు గాజులు తొడగడానికొచ్చినావు. ఊరందరి పెళ్ళికూతుళ్ళకీ నువ్వే తొడిగినావు. మొగుడు పోయిన మనిషి తొడక్కూడదని మా పెద్దత్త గుమ్మంలో ఆపేసినాది. నాను తలొంచుకుని కూకున్నాను. నీ కొడుకు నీ పక్కనే నిలబడి నేల సూసినాడు. ఇద్దరం ఒక్క మాట అన్నేదు. నువ్వు బైట అరుగు మీదే కూకుని, భోజనం కూడా సెయ్యకుండా ఎల్లిపోనావు.”

అప్పలసూరి అగ్గిపెట్టె పట్టుకుని నిలబడిపోయాడు. అసిరమ్మ ఏడాది తిరక్కుండా పోయింది. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదట. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేదని అతడు నాతో చాలాసార్లు అన్నాడు.

నూకరత్నం కుడిచెయ్యి చాచి నా ముందు పెట్టింది. “ఇప్పుడు తొడుగత్తా. ఎవలూ అడ్డం రారు.”

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నా చేతులు కదల్లేదు. కర్రచేతులు కదలవు. కానీ ఆమె వేళ్ళు దగ్గరికి ముడుచుకున్నాయి, బొటనవేలు అరచేతిలోకి మడుచుకుంది, కణుపుల మీద చర్మం తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. ఎవరో ఓపికగా, నొప్పి తెలియకుండా పిసుకుతున్నారు. ఆమె కళ్ళు మూసుకుంది. “మెల్లిగా అత్తా,” అంది చిన్నగా. నా మలారం ఒక్కసారి కదిలింది.

ఆమె చేతికి అంతకుముందు ఎర్రగాజులు రెండున్నాయి. ఇప్పుడు వాటి ముందర ఆకుపచ్చది ఒకటి ఉంది, అసలైన కొలతది, ఎక్కడా అతుకు కనిపించనిది. అప్పలసూరి అగ్గిపెట్టె పక్కన పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి భార్య చేతిని, ఆ గాజుతో సహా, ముఖానికి ఆనించుకుని ఏడ్చాడు. నేను కళ్ళారా చూసిన ఆఖరి దృశ్యం అదే. ఆ తరవాత వెలుతురు మెల్లగా తగ్గిపోయింది. నా కళ్ళలో చుక్కలు మాసిపోయాయని అతడు మర్నాడు అన్నాడు. మళ్ళీ పెట్టిద్దామని మాత్రం అనలేదు.

చెవులు ఉన్నాయి. ఇప్పుడు నేను ఈ ఇంట్లో టీవీ పక్కన, పెట్టె లేకుండా, దుమ్ము పడుతూ నిలబడి ఉన్నాను. నలభై ఏడు గాజులూ నా కాళ్ళ దగ్గర అగ్గిపెట్టెలో ఉన్నాయి. అవి మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. అప్పుడప్పుడు ఎవరో బొమ్మలు పోగుచేసేవాళ్ళు ఫోన్ చేసి, ఆ చుక్కల గాజులామె ఇంకా ఉందా, ఇస్తారా అని అడుగుతారు. అప్పలసూరి, “నిండుకున్నాయి బాబూ,” అని పెట్టేస్తాడు.

పొద్దున్నే నూకరత్నం గిన్నెలు కడుగుతుంటే మూడు గాజులు మోగుతాయి. వాటిలో ఒకదాని చప్పుడు వేరు. మొదట్లో అది మోగినప్పుడు నా భుజం బరువెక్కేది. ఇప్పుడు ఎక్కడం లేదు. ఆ చెయ్యి దొరికాక అసిరమ్మ నాలోంచి వెళ్ళిపోయింది, ఇంకెక్కడా ఆగకుండా. గొంతుకు అడ్డం పడ్డది కూడా ఆవిడతోనే పోయింది.

నేను ఒక బొమ్మను.